ఎందరు పేదలు, ఎవరు పేదలు
(గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు స్మృతిలో విశాఖ శివార్లలోని దువ్వాడలో చేసిన ప్రసంగ పాఠం)



కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 సెప్టెంబరు 10న బళ్లారి ప్రాంతపు హడగలిలో, తెలుగువారింట పుట్టారు. తండ్రిగారి పోలీసు ఉద్యోగం వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరికి విశాఖ చేరారు. వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. సైన్యం వారి సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో పరిచయమైన ఒకాయన భారతీయ గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్నానని చెబితే, అదేమిటో చూద్దామని వెళ్లి 1941లో అక్కడే చేరిపోయారు. నాలుగేళ్లకు, 1945లో, ఇవాళ ప్రపంచంలో ఎక్కడ స్టాటిస్టిక్స్ చదివినా తప్పించుకోలేని పత్రం రాశారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన గణితాన్ని మీకు విడమరిచి చెప్పే విద్వత్తు నాకు లేదు. నేను అర్థ గణాంక శాఖలో మండలాల్లో తిరిగినవాణ్ణి. పంటకోత ప్రయోగాలు, సంతలో ధరలు రాసుకోవడం, జనగణన డ్యూటీలు, వీటితోనే సర్వీసు అయిపోయింది. అందుకని ఈ సాయంత్రానికి కింద నుంచి కనిపించే విషయమే ఒకటి తీసుకున్నాను. బియ్యం కార్డు, పింఛను, ఉచిత వైద్యం, ఇంటి స్థలం ఎవరికివ్వాలో తేల్చడానికి సర్కారు లెక్కలు వాడుతుంది. ఆ లెక్కలు ఏ పనికి పనికొస్తాయి, ఏ పనికి పనికిరావు అన్నదే నా ప్రశ్న.

పేదలు ఎందరు అన్నది ఒక ప్రశ్న. పేదలు ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. మన దేశంలో మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రాంగం గట్టిది. గణాంక సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే కొన్ని వేల ఇళ్లకు వెళ్లి, ఏం కొన్నారు, ఏం తిన్నారు అని ఓపికగా అడిగి, రాష్ట్రం మొత్తానికి ఒక శాతం చెబుతుంది. ఆ ఇల్లాలు జవాబు చెప్పినందుకు ఆమెకు వచ్చేదేమీ లేదు, పోయేదేమీ లేదు. కాబట్టి చాలావరకు ఉన్నదే చెబుతుంది. కానీ ఆ సర్వే గాజువాకలో ఫలానా వీధిలో ఫలానా కుటుంబం పేదది అని చెప్పలేదు. ఆ పని కోసం పుట్టింది కూడా కాదు.

రెండో ప్రశ్నకు జాబితా కావాలి. జాబితా కోసం తలుపు తట్టిన క్షణం నుంచి ఆ జవాబు మీద బియ్యం ఆధారపడి ఉంటుంది, పింఛను ఆధారపడి ఉంటుంది. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. ఈ రెండు రకాల లెక్కలనూ ఒకే గాటన కట్టడం వల్ల మన రాష్ట్రంలో దశాబ్దాలుగా ఒక పనికిరాని తగువు నడుస్తోంది.

ఆ తగువు మీరూ వినే ఉంటారు. టెండూల్కర్ సంఘం దారిద్ర్యరేఖ పద్ధతిలో 2011–12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 9.2 శాతం. తెల్లకార్డులు చూస్తే ఇంటింటా ఉన్నట్టే. ఇంకేముంది, కార్డులన్నీ బోగస్ అని ఒకాయన అంటాడు, సర్వే బోగస్ అని మరొకాయన అంటాడు. ఆ 9.2 వెనుక ఉన్న గీత ఎక్కడుందో చూడండి. మన పట్టణాల్లో మనిషికి నెలకు 1,009 రూపాయల ఖర్చు. నలుగురున్న ఇల్లు నెలకు 4,100 ఖర్చు పెడితే ఆ లెక్క ప్రకారం పేదది కాదు. అదే కుటుంబానికి కిలో బియ్యం ధర పది రూపాయలు పెరిగితే కూర మానుకోవాలి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టినప్పుడు జనం దాన్ని ఆకలిగీతకు ఇచ్చిన సాయంగా చూడలేదు, కూలి మీద బతికే ఇంటికి ఒక ఆసరాగా చూశారు. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికలో విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు 2019–21లో వచ్చిన అంకె 6.06 శాతం. ఆ సూచిక పోషకాహారం, బడి, మరుగుదొడ్డి, వంటచెరకు వంటివి చూస్తుంది. అదీ నిజమే. దాన్ని పట్టుకొచ్చి కార్డులు ఆరు శాతానికి తగ్గించాలని ఎవరైనా అంటే మాత్రం అతనికి లెక్కలూ తెలియవు, ఆకలీ తెలియదు.

జాబితాల చరిత్ర చెప్పాలంటే చాలా ఉంది, క్లుప్తంగా చెబుతాను. పల్లెల్లో దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాల గణన 1992లో, 1997లో, 2002లో జరిగింది. 2002లో పదమూడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 52. మనిషికి ఎన్ని బట్టలున్నాయన్నది కూడా అందులో ఒక ప్రశ్న! వాకిట్లో నిలబడి ఒక ఆడమనిషిని మీకు చీరలెన్ని అని అడగాల్సి వచ్చిన ఉద్యోగుల ముఖాలు నాకు తెలుసు. 2009లో ఎన్.సి. సక్సేనా సంఘం నివేదిక ఇచ్చేనాటికి, దేశం మొత్తం మీద పల్లె పేదల్లో దాదాపు సగం మందికి బీపీఎల్ కార్డే లేదని 2004–05 నమూనా సర్వే అప్పటికే చూపించింది. అంటే, మొదటిరకం లెక్క రెండోరకం లెక్క తప్పును పట్టుకుంది. ఈ మాట గుర్తుంచుకోండి, నా వాదన అంతా దీని మీదే నడుస్తుంది.

తర్వాత 2011లో సామాజిక ఆర్థిక కుల గణన వచ్చింది. కొన్ని వస్తువులుంటే ఆ ఇల్లు నేరుగా జాబితా బయటికి పోతుంది. ఫ్రిజ్ ఉంటే పోతుంది. ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే పోతుంది. రెండు చక్రాల బండి ఉంటే పోతుంది. ఆ బండి పక్కనే, అదే గడిలో, ఇంజను ఉన్న చేపల పడవ కూడా ఉంది. గంగవరం, అప్పికొండ వైపు మత్స్యకారులను అడగండి. తెడ్డు వేసుకుని ఎంత దూరం పోగలరు? అప్పు చేసి ఇంజను బిగించుకున్నవాడు ఆ అప్పు వల్లే ధనవంతుడయ్యాడు. మరోవైపు అదే సర్కారు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట మానేయమని చెప్పి, వేట లేని ఆ రోజులకు భృతి ఇస్తుంది. ఒక కాగితం మీద పడవ ఆస్తి, ఇంకో కాగితం మీద అదే పడవ ఆకలికి రుజువు.

ఇక మన వంతు. 2019 చివర రాష్ట్ర సర్కారు నవశకం పేరుతో ఖరారు చేసిన అర్హత షరతుల దగ్గర నుంచి ‘ఆరు అంచెల పరిశీలన’ అన్న మాట జనం నోట స్థిరపడింది. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు పది వేలు, పట్టణంలో పన్నెండు వేలు దాటకూడదు. భూమి మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కరెంటు నెలకు మూడు వందల యూనిట్ల లోపు కాలాలి. ఇంట్లో సర్కారు ఉద్యోగి గాని, పింఛనుదారు గాని, ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండకూడదు. కారు ఉండకూడదు. ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు మించకూడదు. ఆలోచన లేకుండా పెట్టిన షరతులని నేననను. మనుషుల దయాదాక్షిణ్యాల మీద కాకుండా కంప్యూటరులో ఉన్న రికార్డుల మీద ఆధారపడడంలో ఒక న్యాయం ఉంది. కార్డు కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

ఆ రికార్డులు దువ్వాడకు వచ్చేసరికి ఎలా పనిచేస్తాయో చూద్దాం.

ఇక్కడ వరస రూములు కట్టి అద్దెకిచ్చే ఇళ్లు ఎన్నో. చాలాచోట్ల మీటరు ఒకటే, ఓనరు పేరున. అద్దెకున్నవాళ్లు ఫ్యాన్ల లెక్కన, బల్బుల లెక్కన ఓనరుకు డబ్బు కట్టేస్తారు. మే నెలలో నాలుగు కాపురాల కరెంటు ఒకే బిల్లులో పడుతుంది. ఆ ఓనరు రూముల అద్దె మీద బతికే వితంతువు అయితే, మూడు వందల యూనిట్లు దాటిన ధనికురాలు ఆమే. పక్కనే మూడంతస్తుల మేడ కట్టినాయన అంతస్తుకొక మీటరు పెట్టించుకుని మూడు చోట్లా రెండు వందల యాభై దగ్గర ఆపుకుంటాడు. మీటరు షరతు అని తెలిశాక మీటర్లు పుట్టుకొస్తాయి. కార్డులు విడగొట్టడమూ అంతే. కొడుక్కి జీతం పెరిగితే తల్లి పింఛను పోతుందని, ఒకే కుంపటి మీద తినే ఇంటిని కాగితాల మీద రెండిళ్లు చేస్తారు. ఒకవేళ నిజంగానే కొడుకు తల్లిని వదిలేసి వేరే పోతే, ఆ విడిపోవడం రికార్డుకెక్కడానికి ఆమె సచివాలయం చుట్టూ తిరగాలి.

ఆదాయం సంగతి మరీ విచిత్రం. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడికి, సెజ్ బస్సెక్కే ఆడపిల్లకు జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ కోత పడుతుంది. ఆమె పదమూడు వేలు రికార్డులో నిక్షేపంగా కనబడతాయి. కూర్మన్నపాలెం కూడలిలో రోజుకు మూడు వేలు చేతులు మారే వ్యాపారం ఏ రికార్డులోనూ కనబడదు. ఈ జల్లెడ పేదవాణ్ణీ ధనికుణ్ణీ వేరు చేయడం లేదు, రాతలో ఉన్నవాణ్ణీ రాతలో లేనివాణ్ణీ వేరు చేస్తోంది. నిక్కచ్చిగా పీఎఫ్ కట్టే చోట పనిచేయడం ఒక నేరమైపోయింది.

లెక్క ఎక్కడ ఆగిపోతే మనిషి అక్కడే ఆగిపోతాడన్నది ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్లవాళ్లకు ఉద్యోగం కోసం ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులు, ఇచ్చారు. వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ పునరావాస కాలనీల్లో ఆ కార్డు దాచుకుని ఉద్యోగ వయసు దాటిపోయినవాళ్లు ఎందరో మీకే తెలుసు. భూమి తీసుకున్న నాటి కుటుంబం అప్పటి జాబితాలో ఉంది. ఆ తర్వాత పుట్టినవాళ్లు, వేరు కాపురాలు పెట్టినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. దేశం కూడా ఇప్పుడు అలాగే ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ఎందరికి బియ్యమివ్వాలన్నది 2011 జనగణన మీద కట్టింది. మన వాటా పల్లెల్లో సుమారు 61 శాతం, పట్టణాల్లో 41 శాతం. పైన మిగిలిన కార్డుల భారం రాష్ట్రమే మోస్తోంది. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈ మధ్య కాలంలో గాజువాక ఎంత పెరిగిందో, ఒడిశా నుంచి, బిహారు నుంచి ఎందరు వచ్చి ఈ రూముల్లో ఉన్నారో మీరు కళ్లారా చూస్తున్నారు, చట్టం మాత్రం చూడదు. 2019లో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ప్రయోగం మొదలైన తొలి రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. అది మంచి పని. వచ్చినవాడు ఇక్కడి డీలరు దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తీసుకుంటాడు. కానీ అతనికి సొంతూళ్లో కార్డు ఉంటేనే కదా.

రావుగారి దగ్గరికి వస్తాను. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లినప్పుడు చేసిన పని ఏమిటనుకున్నారు? సుడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలు. పుర్రె పొడవు, వెడల్పు లాంటివి కొలిచి, ఏది ఏ జనసమూహానికి దగ్గరో తేల్చాలి. ఒక మనిషిని అనేక కొలతల ఆధారంగా ఏ గుంపులో వేయాలన్న సమస్య మీద 1948లో ఆయన రాసిన పత్రం ఆ శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. ఆరు అంచెల పరిశీలన కూడా అదే సమస్య: ఆరు కొలతలు, రెండు గుంపులు. తేడా ఒక్కటే. తేలని పుర్రెను బల్ల మీద ఒక పక్కన పెట్టేయొచ్చు, తప్పు గుంపులో వేసినా ఆ పుర్రెకు పోయేదేమీ లేదు.

గుంపులు విడదీసే శాస్త్రం మొదటి పాఠమే ఇది: రెండు రకాల తప్పులుంటాయి, ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది, ఏ తప్పు ఎంత ఖరీదో ముందే చెప్పుకోవాలి. అనర్హుడికి కార్డు వెళితే ఖజానాకు నెలకు కొన్ని కిలోల బియ్యం నష్టం. అర్హురాలి కార్డు పోతే ఆ ఇంటికి పొయ్యి మీద గిన్నె నష్టం. ఈ రెండూ ఒకే తూకం కావని నా అభిప్రాయం. మన యంత్రాంగం మాత్రం ఎన్ని బోగస్ కార్డులు ఏరేశామన్న అంకె ఒక్కటే గొప్పగా చెప్పుకుంటుంది. ఏరివేతలో పొరపాటున కొట్టుకుపోయిన కుటుంబాలెన్ని అన్న అంకె ఏ పత్రికా ప్రకటనలోనూ నా కంటపడలేదు. రాష్ట్రంలో బియ్యం కార్డులు కోటీ నలభై లక్షల పైమాటే. అందులో ఒక్క శాతం తప్పు అంటే లక్షా నలభై వేల వంటిళ్లు.

అంచున ఉండేవాళ్ల సంగతి మరీ ఘోరం. వైకల్యానికి సదరం ధ్రువపత్రంలో నలభై శాతం ఉండాలి. ఒకే చెవిని ఇద్దరు డాక్టర్లు రెండు రోజుల్లో పరీక్షిస్తే ఒకరికి 42 రావచ్చు, ఇంకొకరికి 37 రావచ్చు. ఇందులో మోసమేమీ లేదు, ఏ కొలతకైనా ఉండే సహజమైన ఊగిసలాట. 2025లో ధ్రువపత్రాల పునఃపరిశీలన జరిగినప్పుడు శాతం తగ్గిందని నోటీసులందుకున్నవాళ్లు అప్పీళ్లకు పరుగెత్తారు. దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే ఉన్నాయి, నేనూ చూశాను. కానీ రెండో కొలత మొదటిదాని కన్నా నిజమని ఎవరు చెప్పారు? గీతకు అటూ ఇటూ అయిదు శాతంలో ఉన్నవాళ్లకు మూడో కొలత అయ్యేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. ఇది దయతో చెబుతున్న మాట కూడా కాదు, కొలతల గురించి తెలిసిన ఎవరైనా చెప్పేదే.

రావుగారు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో ఒక ఉదంతం చెప్పారు. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో వేలమంది తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత సర్కారుది, సరఫరా కాంట్రాక్టర్లది. బిల్లులు చూస్తే గుండె ఆగేలా ఉన్నాయి. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. గణాంక సంస్థవాళ్లను అడిగారు. వాళ్లు కోట గడప తొక్కకుండానే కాంట్రాక్టర్ల బిల్లులు తెప్పించుకున్నారు. బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత? మనిషి రోజుకు సగటున ఎంత తింటాడో పాత సర్వేల్లో ఉంది. భాగిస్తే మూడు రకాల జనాభా వచ్చింది. బియ్యం ప్రకారం ఎక్కువ, ఉప్పు ప్రకారం అన్నిటికన్నా తక్కువ. ఖరీదైన సరుకు దగ్గర లెక్క పెంచితే లాభం, ఉప్పు దగ్గర పెంచితే ఏం మిగులుతుంది? ఉప్పునే నమ్మారు. జనం తక్కువగా ఉన్న హుమాయూన్ సమాధి శిబిరంలో ఇదే పద్ధతి పెట్టి చూస్తే సరిపోయింది.

నాకు ఈ కథలో నచ్చేది తెలివితేటలొక్కటే కాదు. ఏ అంకెను వంచడానికి ఎవరికి లాభమో ముందు అడగడం. కరెంటు మీటరు కూడా ఒకప్పుడు ఉప్పులాంటిదే. దాన్ని షరతు చేశాక బియ్యమైపోయింది.

మరి ఏం చేయాలి? ఏరివేత మానేసి అందరికీ ఇచ్చేయమంటారా అని అడగొచ్చు. 1997లో దేశమంతా కార్డులు విడగొట్టినా తమిళనాడు అందరికీ రేషన్ కొనసాగించింది, దివాలా తీయలేదు. బియ్యం వరకు నేను అటే మొగ్గుతాను. పింఛను, ఇల్లు లాంటివాటికి ఎంపిక తప్పదు. ఇండోనేసియాలో 640 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు, 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. కొన్నిచోట్ల ఇంటి వస్తువుల లెక్కతో, కొన్నిచోట్ల ఊరివాళ్లే కూర్చుని పేదలను ఎంచారు. ఖర్చు ప్రకారం చూస్తే వస్తువుల లెక్క కాస్త మెరుగు, తృప్తి మాత్రం ఊరివాళ్లు ఎంచిన చోటే ఎక్కువ. మన ఉపాధి హామీ సామాజిక తనిఖీ కూడా ఆ బాటలోదే. ఊరి మధ్యలో పేర్లు చదివితే దొంగపేరు దాగదు. అది పల్లెలో నడుస్తుంది. ఇక్కడ పక్క రూములో ఉన్నది శ్రీకాకుళమో గంజామో కూడా తెలియని చోట ఎవరి పేదరికానికి ఎవరు సాక్ష్యం చెబుతారు?

అందుకే నేనడిగేది చాలా చిన్నది. జాబితా ఎలా తయారైనా, దాని తప్పులను నమూనా సర్వేతో కొలవండి, రెండు తప్పులనూ కొలవండి, రెండు అంకెలూ అచ్చు వేయండి. ఇది మనకు చేతకాని పనేమీ కాదు. 2010–12లో ఉమ్మడి రాష్ట్రం ఉపాధి కూలికీ పింఛన్లకూ స్మార్ట్ కార్డులు తెచ్చినప్పుడు, ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలకు ఏ వరసలో ఇవ్వాలో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా తేల్చారు. కార్తీక్ మురళీధరన్ తదితరులు పరిశీలించారు. డబ్బు త్వరగా అందింది, దారిలో కారడం తగ్గింది, అర్హులు దూరం కాలేదు. మూడో సంగతిని కొలిచారు కాబట్టే తెలిసింది. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్ రేషన్లో బయోమెట్రిక్‌ను చూస్తే, ఆధార్ జతకాని అసలైన కార్డుదారులు నష్టపోయారని తేలింది. ఒకే రకం యంత్రం, రెండు చోట్ల రెండు ఫలితాలు. కొలవకపోతే రెండూ విజయాలే అనుకునేవాళ్లం.

గాజువాక ప్రాంతానికి నాలుగు వందల ఇళ్లు చాలు. జనాభా ఎన్ని లక్షలున్నా నమూనా అంతకు తగ్గట్టు పెరగనక్కర్లేదు, ఇది చాలామంది నమ్మరు. నాలుగు వందల ఇళ్లను యాదృచ్ఛికంగా తీస్తే, పది శాతం తప్పు ఉన్నచోట అంచనా దాదాపుగా ఏడుకూ పదమూడుకూ మధ్యనే పడుతుంది. అయితే ఆ ఇళ్లను లబ్ధిదారుల జాబితాలోంచి తీయకూడదు, అనర్హుల జాబితాలోంచీ తీయకూడదు. అసలు దరఖాస్తే పెట్టనివాడు ఏ జాబితాలోనూ ఉండడు. వీధి వీధీ తిరిగి ఇళ్ల పట్టీ కొత్తగా రాసుకుని, అందులోంచి తీయాలి. మేడ వెనక రేకుల షెడ్డు, షెడ్డు వెనక వాటా వేరే ఇళ్లుగా రాయాలి. అడిగేవాళ్లు కార్డులు ఇచ్చే శాఖవాళ్లు కాకూడదు. కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు ఉన్నారు, వాళ్లకు నెలరోజుల శిక్షణ ఇస్తే చాలు. మొదటి ప్రశ్న ఆదాయం గురించి వద్దు. పోయిన నెలలో బియ్యం అప్పుకు తెచ్చిన రోజులున్నాయా అని మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట, ఇది నా వృత్తిలో నేర్చుకున్నది. పగలు పదకొండింటికి తలుపు తడితే ఈ ఊళ్లో సగం ఇళ్లకు తాళమే. పొద్దుటి షిఫ్టువాడు పనిలో ఉంటాడు, సెజ్‌కు వెళ్లిన ఆడవాళ్లు రాత్రికి గాని రారు. గణకుడికి తొందరగా ఉంటుంది కాబట్టి పక్కింట్లో ఎవరుంటే వాళ్లను అడిగి ఫారం నింపేస్తాడు. అలా చేస్తే పగలు ఇంట్లో ఉండగలిగేవాళ్ల లెక్క వస్తుంది, పనికి పోయేవాళ్ల లెక్క రాదు. ఆ సర్వే ఎవరు చేసినా సరే, తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటిని తీసుకోవడానికి వీల్లేదని మొదటి పేజీలోనే రాయండి. మూడుసార్లు వెళ్లాలి. అందులో ఒకటి రాత్రి ఎనిమిది తర్వాత, ఒకటి ఆదివారం.